గేమ్ మ్యాప్‌ను ప్లేయర్లు దిద్దితే ఏం మారుతుంది?

సంక్షిప్తంగా: ఒక చారిత్రక దేశాన్ని శతాబ్దాల పాటు నడిపే ‘యూరోపా యూనివర్సాలిస్ 5’ అనే కంప్యూటర్ గేమ్ తన ప్రపంచ పటాన్ని విడుదలకు దాదాపు ఏడాదిన్నర ముందే ముసాయిదాగా బయటపెట్టి, ప్రాంతాల వారీగా ప్లేయర్ల సూచనలు తీసుకుంది. ఊళ్ల పేర్లు, నదులు, తీరరేఖల విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. జనాభా, రాజకీయ హోదా దగ్గరికి వచ్చేసరికి ఆధారం ఎంత గట్టిదన్న ప్రశ్న ముందుకొస్తుంది. మ్యాప్‌ను ఎన్ని ముక్కలు చేయాలన్నది మాత్రం చరిత్ర కన్నా ఎక్కువగా కంప్యూటర్ వేగం, ఆట నడిచే తీరు తేలుస్తాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. సూచనలు ఎక్కువగా వచ్చిన ప్రాంతమే బాగుపడుతుంది, తప్పులు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాదు.

చారిత్రక స్ట్రాటజీ గేముల ప్రపంచంలో పారడాక్స్ టింటో అనే స్టూడియో 2024లో కొత్త దారి పట్టింది. బార్సిలోనా దగ్గర పనిచేసే ఈ స్టూడియో, అప్పటికి అసలు పేరు కూడా చెప్పని గేమ్ మ్యాపులను మే నెల నుంచి ప్రాంతాల వారీగా చూపడం మొదలుపెట్టింది. మొదట నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతం వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతా ప్రపంచమంతా. ప్రతిసారీ ఒకటే అడిగారు: తప్పులుంటే చెప్పండి, ఆధారాలతో చెప్పండి. కొన్ని నెలల తర్వాత అదే ప్రాంతం మ్యాప్‌ను సవరించి మళ్లీ చూపారు. 2025 నవంబర్ 4న గేమ్ విడుదలైంది. తొలి ముసాయిదాను, చివరి మ్యాప్‌ను పక్కపక్కన పెట్టి చూసినవారికి సహజంగానే కొన్ని సందేహాలు వచ్చాయి. కొన్ని సూచనలు వెంటనే ఎందుకు చేరాయి? ఎంతో కష్టపడి రాసిన మరికొన్ని ఎందుకు పక్కకు పోయాయి? ఒక ప్రాంతం పూర్తిగా మారిపోతే పక్క ప్రాంతం ముట్టుకున్నట్టే ఎందుకు కనిపించదు?

బొమ్మ వెనక ఉన్న లెక్క

ఈ రకం గేముల్లో మ్యాప్ అలంకారం కాదు. ఆట లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. 2013లో వచ్చిన ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లో మ్యాప్ అసలు రూపం 5632 × 2048 పిక్సెళ్ల బొమ్మ ఫైలు. ఒక్కో ప్రావిన్స్‌కు ఒక్కో రంగు ఉంటుంది. ఏ రంగు ఏ ప్రావిన్స్‌దో చెప్పే జాబితా ఇంకో ఫైల్లో ఉంటుంది. రెండు రంగులు ఆనుకున్న చోట ఆ రెండూ పొరుగు ప్రావిన్సులని గేమ్ తేల్చుకుంటుంది. కాబట్టి గీత రెండు పిక్సెళ్లు జరిగినా కొత్త పొరుగు పుట్టొచ్చు, పాత పొరుగు పోవచ్చు. దాంతో సైన్యం నడిచే దారి మారుతుంది, కోట కాపలా కాసే పరిధి మారుతుంది, యుద్ధానికి కారణం దొరికే దేశాల జాబితా కూడా మారుతుంది.

ఐదో భాగంలో అన్నిటికన్నా చిన్న ముక్కను లొకేషన్ అంటారు. ఇవి 28 వేలకు పైనే ఉన్నాయి. కొన్ని లొకేషన్లు కలిస్తే ఒక ప్రావిన్స్, కొన్ని ప్రావిన్సులు కలిస్తే ఒక ఏరియా, అలా ఖండం దాకా మెట్లు ఉంటాయి. ప్రతి లొకేషన్‌కూ నేల తీరు, పచ్చదనం, వాతావరణం, అక్కడ దొరికే ఒక ముడిసరుకు రాసి పెట్టాలి. ఎంతమంది జనం ఉన్నారో, వాళ్ల సంస్కృతి, మతం, వర్గం ఏమిటో కూడా రాయాలి. 28 వేలను ఇన్ని గడులతో హెచ్చవేస్తే పని ఎంతో తెలుస్తుంది. ఏ స్టూడియోకూ ప్రపంచంలోని ప్రతి మూలా తెలిసిన చరిత్రకారులను నియమించుకునే స్తోమత ఉండదు. ప్లేయర్లను అడగడానికి మొదటి కారణం ఇదే.

ఒక గడి మారితే దాని ప్రభావం ఎంత దూరం పోతుందో చూడాలి. ఈ గేమ్‌లో రాజధాని నుంచి దూరం పెరిగేకొద్దీ ప్రభుత్వానికి పట్టు తగ్గుతుంది. కొండలు, దట్టమైన అడవులు ఆ పట్టును త్వరగా సడలిస్తాయి. రోడ్లు, నదులు, సముద్రతీరం దాన్ని ఇంకొంత దూరం లాక్కెళ్తాయి. పట్టు తగ్గితే పన్ను తగ్గుతుంది. అంటే ఒక ప్లేయర్ ‘ఈ లోయ 14వ శతాబ్దంలో అడవి కాదు, సాగు భూమి’ అని చేసిన చిన్న సూచన ఆ లోయకు అవతల ఉన్న జిల్లాల నుంచి రాజుకు వచ్చే ఆదాయాన్ని కూడా పెంచేస్తుంది. సూచన చేసినవారి దృష్టిలో అది రంగు మార్పు. డెవలపర్‌కు అది ఒక దేశం బలాబలాల మార్పు.

విడుదలకు ముందే ఎందుకు అడిగారు

నాలుగో భాగం అనుభవం చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఆ గేమ్ మ్యాప్ కూడా ఏళ్ల తరబడి మారుతూనే వచ్చింది, కానీ విడుదల తర్వాత, ఒక్కో అదనపు ప్యాక్‌తో ఒక్కో ప్రాంతం చొప్పున. 2017లో రష్యా, ఆ ఏడాది చివర్లో మధ్యప్రాచ్యం. 2018లో బ్రిటన్, ఇండియా, ఏడాది ఆఖరికి స్పెయిన్ ప్రాంతం. 2020లో జర్మనీ, ఇటలీ, బాల్కన్లు. 2021లో ఆగ్నేయాసియా. ఇండియా ప్లేయర్లు సరైన ఉపఖండం చూడటానికి విడుదల నుంచి ఐదేళ్లు ఆగాల్సి వచ్చిందన్నమాట.

విడుదలైన గేమ్‌లో మ్యాప్ మార్చడం ఖరీదైన వ్యవహారం. పాత సేవ్ ఫైళ్లు కొత్త మ్యాప్‌తో సరిపడవు. నెలల తరబడి ఆడుతున్న ఆట మధ్యలో ఆగిపోతుంది. ప్రావిన్స్ నంబర్ల మీద ఆధారపడి రాసిన ఈవెంట్లు, మిషన్లు అన్నీ వెతికి దిద్దుకోవాలి. మోడ్‌లు, అంటే గేమ్‌ను మార్చే సొంత చేర్పులు, తయారుచేసే ప్లేయర్లు తమ పనిలో సగం మళ్లీ మొదటి నుంచి చేయాలి. ముసాయిదా దశలో ఇవేవీ ఉండవు. అప్పుడు గీత చెరిపి మళ్లీ గీయడానికి అయ్యే ఖర్చు ఆ గీత గీసే మనిషి సమయం మాత్రమే. ఏడాదిన్నర ముందు మ్యాప్ బయటపెట్టడం వెనక ఉన్న అసలు ఆదా ఇదే. ప్రచారం కూడా కలిసొచ్చింది, అది వేరే విషయం.

ప్లేయర్ల వైపు నుంచీ సిద్ధత ఉంది. నాలుగో భాగానికి వచ్చిన ‘మెయూ అండ్ టాక్సెస్’ వంటి పెద్ద మోడ్‌లు 1356 నుంచి మొదలయ్యే చాలా చిక్కటి మ్యాపులను స్వచ్ఛందంగా తయారుచేశాయి. పదేళ్లుగా మధ్యయుగం నాటి పన్ను రికార్డులు తిరగేస్తూ మ్యాపులు గీస్తున్నవారు ఎంతోమంది తయారయ్యారు. స్టూడియో కొత్తగా ఒక సైన్యాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని పిలిచింది.

ఇదే పద్ధతి అన్ని గేములకూ పనికిరాదు. ‘టోటల్ వార్: రోమ్ 2’ మ్యాప్‌లో 173 ప్రాంతాలే ఉన్నాయి. అక్కడ ప్రతి పట్టణం చుట్టూ త్రీడీ యుద్ధరంగం కట్టాలి, కాబట్టి ఒక ప్రాంతం చేర్చమన్న సూచన చాలా ఖరీదైన కోరిక. పేర్లు, అంకెల మీద నడిచే మ్యాప్‌లో అదే సూచన చాలా చవక. గేమ్ ఎలా కట్టారన్నదే ఎంత ఫీడ్‌బ్యాక్ తీసుకోగలరన్నది నిర్ణయిస్తుంది.

నేల దగ్గర తేలిక, నీటి దగ్గర కష్టం

ప్లేయర్ల సూచనలు బాగా ఫలించేది భూగోళం విషయంలో. ఊరు నదికి ఏ ఒడ్డున ఉంది, కనుమ ఎక్కడుంది, రెండు లోయల మధ్య మనిషి దాటగలిగే దారి ఉందా లేదా, ఇవన్నీ అక్కడ పుట్టి పెరిగినవారికి పుస్తకం తెరవకుండానే తెలుస్తాయి. సరిచూసుకోవడం కూడా నిమిషాల పని.

కానీ నేటి భూమి నాటి భూమి కాదు. ఇలాంటి మ్యాపుల్లో ఎత్తుపల్లాలకు సాధారణంగా వాడేది ఆధునిక ఉపగ్రహ, రాడార్ సమాచారం. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ సేకరించిన ఎత్తుల సమాచారం ఇందుకు పేరున్న ఉదాహరణ. అందులో 20వ శతాబ్దపు జలాశయాలన్నీ సహజమైన సరస్సుల్లాగే కనిపిస్తాయి. 1965లో అకొసొంబో ఆనకట్ట కట్టాక ఏర్పడిన ఘనా వోల్టా సరస్సు, 1940లలో నిండిన రష్యా రైబిన్స్క్ జలాశయం, అస్వాన్ హై డ్యామ్ వెనక ఉన్న నాసర్ సరస్సు, వీటిలో ఏదీ ఆట మొదలయ్యే 1337లో లేదు. వెతికి తీసేయకపోతే మధ్యయుగపు సైన్యాలు లేని నీటి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

నెదర్లాండ్స్ తీరం దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. 1337 మ్యాప్‌లో నేటి ఫ్లేవోలాండ్ ప్రావిన్స్ ఉండకూడదు. ఆ నేలలో అధిక భాగాన్ని 1957లోనూ 1968లోనూ నీళ్లు తోడి బయటికి తీశారు. దాని చోట జౌడర్‌జీ అనే లోతు తక్కువ సముద్రం ఉండాలి. 1287 నాటి సెయింట్ లూసియా వరద తర్వాత ఆ నీరు బాగా విస్తరించింది. నేటి ష్కిపోల్ విమానాశ్రయం ఉన్న చోట 1852 దాకా పెద్ద సరస్సు ఉండేది. ఇవి తేలిగ్గానే పట్టుబడతాయి. అసలు చిక్కు దక్షిణంలో, డోర్డ్‌రెక్ట్ పక్కన ఉంది. అక్కడి బీస్‌బోస్ చిత్తడి నేల నేటి మ్యాపుల్లో నీళ్లూ దీవులూ కలిసి కనిపిస్తుంది. అది 1421 సెయింట్ ఎలిజబెత్ వరద తర్వాత అలా అయింది. అంతకు ముందు అది హ్రోట్ వార్డ్ అనే సారవంతమైన సాగుభూమి. అంటే ఒకే మ్యాప్‌లో ఒక చోట నేలను నీటిగా, ఇంకో చోట నీటిని నేలగా మార్చాలి. ఆట మొదలైన 84 ఏళ్లకు ఆ వరద వచ్చి తీరరేఖే మారిపోవాలి. మ్యాప్ మాత్రం ఆట పొడవునా ఒకటే. అందువల్ల ఏ సంవత్సరం తీరాన్ని గీయాలన్నదానికి ‘సరైన’ జవాబు లేదు, ఎంచుకున్న జవాబు మాత్రమే ఉంటుంది.

తెలిసిన తప్పును దిద్దబోయి ఇంకో తప్పులో పడే ప్రమాదమూ ఉంది. ఆరల్ సముద్రం సోవియట్ కాలువల వల్ల ఎండిపోయిందని అందరికీ తెలుసు. కాబట్టి పాత మ్యాప్‌లో దాన్ని 1960 నాటి పూర్తి పరిమాణంలో, అంటే దాదాపు 68 వేల చదరపు కిలోమీటర్లుగా గీయాలన్న సూచన సహజం. కానీ ఎండిన ఆ సముద్రగర్భంలోనే కెర్దెరి దగ్గర 14వ శతాబ్దపు సమాధి కట్టడం బయటపడింది. జనం అక్కడ నివసించారంటే అప్పుడు నీరు చాలా వెనక్కి పోయి ఉండాలి. మంగోల్ దండయాత్రల తర్వాత అము దర్యా నది ఆరల్‌కు కాకుండా పడమటికి మళ్లడం ఇందుకు కారణంగా చెబుతారు. ఎక్కువమంది చెప్పిన దిద్దుబాటు కన్నా ఒక్క తవ్వకం ఫలితం బరువైనది. సూచనకు ఎంతమంది మద్దతు ఉందన్నది కొలబద్దగా పనికిరాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

జనాన్ని లెక్కపెట్టడం

1337 నాటికి జనాభా లెక్కలు అక్కడక్కడా ఉన్నాయి. ఫ్రాన్స్‌కు అదృష్టం కొద్దీ 1328 నాటి పన్ను లెక్క ఉంది. దాదాపు 24 వేల పారిష్‌లలో (ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లు) సుమారు 24 లక్షల 70 వేల పొయ్యిలు రాసి పెట్టారు. ఒక పొయ్యి అంటే ఒక కుటుంబం. ఆట మొదలయ్యే తేదీకి తొమ్మిదేళ్ల ముందు నాటి లెక్క కాబట్టి ఇంతకన్నా దగ్గరి ఆధారం అడగలేం.

అయినా గొడవ తీరదు. కుటుంబానికి నాలుగున్నర మంది అనుకుంటే కోటీ 11 లక్షలు వస్తుంది. ఐదుగురు అనుకుంటే కోటీ 23 లక్షలు దాటుతుంది. సగం మనిషి తేడాకు ఒక చిన్న రాజ్యమంత జనం పెరిగిపోయారు. పైగా ఆ లెక్కలో పెద్ద సామంతుల సొంత ప్రాంతాలు చేరలేదు. వాటిని పొరుగు ప్రాంతాల సాంద్రతను బట్టి ఊహించి నింపాలి. ఇద్దరు ప్లేయర్లు ఒకే రికార్డును ఆధారంగా చూపి రెండు వేర్వేరు అంకెలు అడగొచ్చు, ఇద్దరూ నిజాయితీగానే ఉండొచ్చు.

చాలా చోట్ల దొరికే లెక్కలు ప్లేగు తర్వాతివి. ఇంగ్లండ్‌లో 1377 తలపన్ను రికార్డుల్లో సుమారు 13 లక్షల 60 వేల మంది చెల్లింపుదారులున్నారు. చైనాలో మింగ్ ప్రభుత్వం 1381లో చేసిన నమోదులో దాదాపు ఆరు కోట్ల మంది. 1340ల చివర యూరప్‌ను కమ్మేసిన మహామారికి ముందున్న అంకె కావాలంటే ఎంతమంది చనిపోయారో ముందు అనుకుని, దాన్ని తిరిగి కలపాలి. ఇంగ్లండ్ ప్లేగు ముందు జనాభా మీద చరిత్రకారుల అంచనాలే 45 లక్షల నుంచి 60 లక్షల దాకా ఉన్నాయి. అమెరికా ఖండాల విషయంలో దూరం ఇంకా ఎక్కువ. 1492 నాటికి 84 లక్షలన్న అంచనా ఒకటి, 9 కోట్ల పైమాటే అన్న అంచనా ఇంకొకటి.

ఇలాంటి చోట ఫీడ్‌బ్యాక్ అంకెను తేల్చలేదు, కానీ పొంతన చూడగలదు. ఒక ప్రాంతంలో కుటుంబానికి ఐదుగురని లెక్కించి పక్క దేశంలో నాలుగని లెక్కిస్తే, సరిహద్దు దాటగానే పల్లెలు పలచబడిపోతాయి. ఆ అతుకు ప్లేయర్ కంటికి వెంటనే దొరుకుతుంది. మొత్తం ఎంత అన్న వాదన కన్నా ఈ అతుకులు పట్టుకోవడమే జనాభా మ్యాప్‌లో ప్లేయర్లు చేయగలిగిన గట్టి మేలు.

ముడిసరుకుల దగ్గర కథ వేరు. ప్రతి ప్రాంతం అభిమానులూ తమ ప్రాంతానికి ఇనుము, వెండి, బంగారం కావాలంటారు. లొకేషన్‌కు ఒక్క సరుకే రాసే వీలున్నప్పుడు గని చేరితే అక్కడి గోధుమ పోతుంది, ఊరు ఆకలితో ఉంటుంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది. నేటి చెక్ దేశంలోని కుట్నా హోరా వెండి 1337 నాటికే ప్రాగ్ నాణేల్లో కనిపిస్తోంది. దక్షిణ అమెరికాలోని పొటోసి కొండ వెండి మాత్రం 1545 దాకా బయటి లోకానికి తెలియదు. కొండలో ఉంది కాబట్టి రాయాలా, ఇంకా తవ్వలేదు కాబట్టి రాయకూడదా? ఇది మ్యాప్ మీద నిర్ణయం కాదు, ఆట నియమం మీద నిర్ణయం. అందుకే ఈ రకం సూచనల్లో ఎక్కువ భాగం మ్యాప్ దిద్దేవారి చేతుల్లో ఉండదు.

1337 ఏప్రిల్ 1న ఎవరు రాజు?

ఆట ఒకే రోజున మొదలవుతుంది. చరిత్ర అలా ఒక రోజుకు కట్టుబడి ఉండదు. నాలుగో భాగానికి 1444 నవంబర్ 11, అంటే వర్నా యుద్ధం మర్నాడు. ఐదో భాగానికి 1337 ఏప్రిల్ 1, ఇంగ్లండ్–ఫ్రాన్స్ నూరేళ్ల యుద్ధానికి గుమ్మం. పశ్చిమ యూరప్‌ను దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్న ఈ తేదీ మిగతా ప్రపంచంలో ఎక్కడ పడిందన్నదే అసలు తలనొప్పి.

దక్కన్‌లో అది కుదుపుల మధ్యలో పడింది. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. 1335లో మదురైలో ఢిల్లీ సుల్తాన్ ప్రతినిధి స్వతంత్రం ప్రకటించుకున్నాడు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లు నుంచి తుగ్లక్ అధికారిని తరిమేశాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి నిలదొక్కుకున్నాడు. దక్షిణాన హోయసల రాజు మూడో బల్లాలుడు ఇంకా ఉన్నాడు. విజయనగర స్థాపనకు సంప్రదాయంగా చెప్పే ఏడాది 1336. కానీ దాన్ని స్థాపించిన సంగమ సోదరులు కలిసి శృంగేరిలో విజయోత్సవం చేసుకున్నట్టు చెప్పే శాసనం 1346 నాటిది. 1337 వసంతంలో హంపీ దగ్గర ఉన్నది స్వతంత్ర రాజ్యమా, హోయసల నీడలో ఉన్న సామంతమా, తుగ్లక్ మీద తిరుగుబాటా? మ్యాప్‌కు మాత్రం ఒకటే రంగు వేయాలి.

రంగు ఏదన్నది చిన్న సంగతి కాదు. వీళ్లందరినీ స్వతంత్ర దేశాలుగా గీస్తే ఢిల్లీ పతనం అప్పటికే జరిగిపోయిన ఘటన అవుతుంది, ప్లేయర్ దాన్ని ఆపలేడు. తుగ్లక్ కింద సామంతులుగా గీస్తే పదేళ్ల చరిత్ర మళ్లీ పాచికల మీదికి వస్తుంది. రెండిటికీ ఆధారాలు చూపొచ్చు.

ఆధారాలన్నీ ఒకే బరువువి కావన్నది ఇక్కడే తెలుస్తుంది. కాకతీయుల పతనం తర్వాత తెలుగు ప్రాంతం పరిస్థితి చెప్పే విలస తామ్రశాసనం కాపయకు ముందున్న ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించినది, ఆ కాలానికి చెందినది. కాపయ నాయకుడిని 75 మంది నాయకులు కొలిచారన్న మాట మాత్రం రెడ్డి రాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనంలో ఉంది. ఘటనకు దాదాపు 90 ఏళ్ల తర్వాతి మాట అది. ఆ 75 మందిని ఒక కూటమిగా మ్యాప్‌లో చూపమని ఎవరైనా సూచిస్తే, డెవలపర్ ఏ శాసనం ఏ ఏడాదిదని చూడకుండా అవుననకూడదు. శాసనాన్ని పేరుతో, తేదీతో, అది ఏమంటోందో చెప్పి ఇచ్చిన ఒక్క పేరా, ‘మా చరిత్రను తక్కువ చేశారు’ అని రాసిన పది పేజీల కన్నా మ్యాప్‌ను ఎక్కువగా కదిలిస్తుంది.

రాజే లేని చోట ఇంకో రకం ఇబ్బంది. నెదర్లాండ్స్ ఉత్తర తీరంలోని ఫ్రీస్‌లాండ్‌లో ఆ రోజుల్లో పైన ప్రభువు లేడు, ఊళ్లు, జిల్లాలు తమను తామే పాలించుకునేవి. ప్రతి ముక్కకూ ఒక రాజు, ఒక జెండా ఉండాలన్న పాత గేముల పద్ధతిలో ఇలాంటి సమాజాలకు చోటు లేదు. వాటిని ఖాళీ నేలగానో, లేని రాజుతోనో చూపేవారు. ఐదో భాగంలో దేశం లేని చోట కూడా జనం ఉంటారు, భూమి ఏమీ లేని బ్యాంకులు కూడా ఒక రకం దేశాలుగా ఆడతాయి. గేమ్ నియమాలు అంత వెడల్పుగా ఉన్నప్పుడే ‘ఇక్కడ రాజు లేడు’ అన్న సూచనను అమలు చేయడం సాధ్యమవుతుంది. లేకపోతే అది సరైనదే అయినా పెట్టడానికి గడి ఉండదు.

ఎవరి సూచనలు, ఎక్కడి మ్యాప్

ఈ పద్ధతిలో అన్నిటికన్నా లోతైన లోపం అందరి కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తేలిగ్గా దాటిపోతారు. సూచన రావాలంటే మూడు కలవాలి: ఆ ప్రాంతం వాళ్లు ఈ గేమ్ ఆడాలి, వాళ్లకు ఇంగ్లిష్‌లో వాదించే అలవాటుండాలి, ఆధారాలు వాళ్లకు అందే చోట ఉండాలి. జర్మనీ, పోలండ్, ఐర్లాండ్ వంటి చోట్ల మూడూ కలుస్తాయి. పశ్చిమాఫ్రికాలో, మధ్యాసియాలో, మన ఉపఖండంలోని చాలా భాగాల్లో ఒకటో రెండో తగ్గిపోతాయి.

ఫలితం రెండు మెట్లలో కనిపిస్తుంది. ముందు ముసాయిదాలోనే యూరప్ చిక్కగా ఉంటుంది, ఎందుకంటే డెవలపర్లకు అందుబాటులో ఉన్న పుస్తకాలు ఆ ప్రాంతానివే. ఆ తర్వాత సూచనలు కూడా అక్కడే కుప్పపడతాయి, ఎందుకంటే చూసేవారు అక్కడే ఎక్కువ. మొదటి తేడాను రెండోది పూడ్చదు, పెంచుతుంది. పది తప్పులున్న చోట వందమంది వెతికితే పదీ దొరుకుతాయి. వంద తప్పులున్న చోట ముగ్గురు వెతికితే ఐదు దొరుకుతాయి, మిగతా 95 ‘ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అన్న ముద్రతో విడుదలైపోతాయి. మౌనాన్ని అంగీకారంగా లెక్కేయడమే ఇక్కడ జరిగే అన్యాయం.

దీనికి మందు లేకపోలేదు. సూచనలు తక్కువగా వచ్చిన ప్రాంతాలను బాగున్నట్టు కాకుండా పరీక్షించనట్టు గుర్తుపెట్టుకోవచ్చు. అలాంటి చోట్ల ఆ భాష చదవగలిగిన పరిశోధకులకు డబ్బిచ్చి పని అప్పగించొచ్చు. యూరప్ మీద స్వచ్ఛందంగా వచ్చిపడే శ్రమ వల్ల మిగిలిన డబ్బు అందుకు వాడితే లెక్క సరిపోతుంది. ఇది దయ చూపే విషయం కాదు. ప్రపంచం మొత్తాన్ని చూపుతానని అమ్మే వస్తువు నాణ్యతకు సంబంధించిన విషయం.

చేరని సూచనలు

బాగా ఆధారాలున్న సూచనలు కూడా కొన్ని ఆగిపోతాయి. ఎక్కువగా ఆగేది ‘ఇక్కడ ఇంకో ఐదు లొకేషన్లు కావాలి’ అన్న రకం. ప్రతి లొకేషన్‌లోని జనం, పంట, ధర, పట్టు అన్నీ ఆట నడిచినంత సేపూ లెక్కకు వస్తూనే ఉంటాయి. కంప్యూటరే నడిపే ఏఐ దేశాలు ప్రతి దానిలో ఏం కట్టాలో ఆలోచిస్తాయి. ముక్కలు పెరిగేకొద్దీ ఆట నెమ్మదిస్తుంది, చివరి వందేళ్లు ఆడేవారు విసుగొచ్చి ఆపేస్తారు. అదీగాక ఒక్కొక్కటి వేలెడు కూడా లేనంత చిన్న ముక్కలైతే మౌస్‌తో నొక్కడం కష్టం, పేరు రాయడానికి చోటుండదు.

రెండు వర్గాలు ఒకే ప్రాంతం మీద ఎదురెదురు కోరికలు పెట్టినప్పుడు కూడా పని నిలిచిపోతుంది. సంస్కృతి మ్యాప్‌లో ఇది మామూలు. 19వ శతాబ్దంలో గట్టిపడిన జాతి గుర్తింపులను 14వ శతాబ్దం మీద పరచమని ఇరుపక్షాలూ అడుగుతాయి. అలాంటప్పుడు డెవలపర్ ఎవరి వైపు మొగ్గినా నేటి రాజకీయంలో పక్షం తీసుకున్నట్టే అవుతుంది. భాష, తెగ, పన్ను రికార్డుల్లోని పేర్ల వంటి ఆనాటి ఆనవాళ్లకు కట్టుబడటం ఒక్కటే నిలబడే దారి. దానివల్ల ఇరుపక్షాలూ అసంతృప్తిగానే మిగలొచ్చు.

ఊళ్ల పేర్ల సూచనలు దీనికి భిన్నంగా ఇట్టే చేరిపోతాయి. హైదరాబాద్ 1591లో, అహ్మదాబాద్ 1411లో, హెల్సింకి 1550లో, సెయింట్ పీటర్స్‌బర్గ్ 1703లో పుట్టాయి. ఇవి 1337 మ్యాప్‌లో కనబడితే తప్పు అని చూపడానికి ఒక తేదీ చాలు. గోల్కొండ అని మారిస్తే ఇంకే లెక్కా మారదు.

విడుదల తర్వాత

గేమ్ చేతికొచ్చాక ఖర్చుల లెక్క తారుమారవుతుంది. పేర్లు, జనాభా, ముడిసరుకులు, సంస్కృతి వంటివి అంకెలూ అక్షరాలే కాబట్టి ప్యాచ్‌లతో, అంటే చిన్న అప్‌డేట్లతో, దిద్దడం తేలికే. హద్దులు మార్చడం, కొత్త లొకేషన్లు కోయడం మాత్రం మళ్లీ సేవ్ ఫైళ్ల మీద, మోడ్‌ల మీద దెబ్బ. అందువల్ల ఇక ముందు హద్దుల మార్పులు నాలుగో భాగంలో లాగే ప్రాంతాల వారీ అదనపు ప్యాక్‌లతో కలిపి, గుంపుగా వచ్చే అవకాశం ఎక్కువ. ఏ ప్రాంతానికి ముందు వంతు వస్తుందన్నది అప్పుడు ఆధారాల బరువుతో పాటు అమ్మకాల మీద కూడా ఆధారపడుతుంది.

ఈలోగా ఖాళీని మోడ్‌లు నింపుతాయి. మోడ్ తయారీదారు ఆట వేగం గురించి స్టూడియోకు ఉన్నంత బాధ్యత మోయనక్కర్లేదు. ఒక్క ప్రాంతాన్నే ఎంత చిక్కగానైనా గీయొచ్చు, ఆనాటి శాసనాలు చదివి ఒక్కో నాయకుడికీ ఒక్కో లొకేషన్ ఇవ్వొచ్చు. నాలుగో భాగం కాలంలో అలా మోడ్‌ల మీద చేయి తిరిగినవారే 2024లో ముసాయిదాలను దిద్దగలిగారు. దక్కన్, సహారా దక్షిణ అంచున ఉన్న సహేల్, మధ్యాసియా వంటి చోట్ల ఇప్పుడు అలాంటి మోడ్‌లు ఎన్ని తయారవుతాయన్నదాన్ని బట్టి, స్టూడియో ఆ ప్రాంతాలను మళ్లీ తెరిచే రోజున టేబుల్ మీద ఎంత సరుకు ఉంటుందో తేలుతుంది.